పువ్వు పట్టుకున్న బాక్సర్లు

ఇలా దగ్గరికి జరగండర్రా. ఆ ఫోను కాసేపు బోర్లించమ్మా, అదెక్కడికీ పారిపోదు. ఇవాళ ఇంగ్లండు ఆడపిల్లల కుట్టుగుడ్డల సంగతి చెబుతాను. సాంప్లర్లంటారు వాటిని.

నమూనాల పుస్తకాలు అందరికీ అందని రోజులవి. ఎవరింట్లోనైనా మంచి కుట్టు కనబడిందా, దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి గదా, వెంటనే నారబట్ట మీద కుట్టి, చుట్టచుట్టి దాచుకునేవారు. బట్టా పట్టుదారమూ ఖరీదు. అందుకని బెత్తెడు చోటు కూడా వదిలేవారు కారు. తేదీ ఉన్న ఇంగ్లీషు సాంప్లర్లలో ఇప్పటికి దొరికిన పాతది జేన్ బోస్టాక్ 1598లో కుట్టింది. ఆలిస్ లీ అనే పాప 1596 నవంబరు 23, మంగళవారం మధ్యాహ్నం పుట్టిందని అందులో ఉంది. పురిటి కబురు దారంతో రాసుకున్నారన్నమాట! లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉందది.

తరవాత్తరవాత సాంప్లరు బడిపిల్లల పనైంది. మొక్కై వంగనిది మానై వంగునా అని చిన్నప్పుడే సూది చేతికిచ్చేవారు. వాటినిండా అక్షరాలూ అంకెలూ ఎందుకంటారా? పెద్దిళ్ళలో దుప్పట్లూ దిండు గలీబులూ ఆస్తి కిందే లెక్క. మన చాకలి నల్లజీడితో గుర్తు పెట్టినట్టు, ఒక్కోదాని మీద పొడి అక్షరాలూ వరస నంబరూ కుట్టేవారు. ఆ కుట్టు వచ్చిన పిల్లకి పని దొరకడం తేలిక.

చాకిరేవు దాకా వెళ్ళిపోయాను, బొమ్మల దగ్గరికి వస్తాను. మధ్యన పండ్ల చెట్టు, దానికి చుట్టుకున్న పాము, ఇటు ఆదాము, అటు హవ్వ. చెప్పినమాట వినకపోతే వచ్చే చేటది. రొమ్ము పొడుచుకుని పిల్లలకి నెత్తురు పట్టే పెలికాన్ పక్షి క్రీస్తు త్యాగానికి గుర్తు.

నాకు అన్నిటికన్నా ఇష్టం బాక్సర్లు. 17వ శతాబ్దం నుంచీ కనబడతారు. చిన్న మగబొమ్మలు, పక్కకి అడుగేస్తూ, ఒక చెయ్యెత్తి, అందులో ఏదో పట్టుకుని ఉంటారు. ఆ ఎత్తిన చెయ్యి చూసి, తరవాత ఇవి పోగేసినవాళ్ళు పోట్లాటకి దిగారనుకుని ఆ పేరు పెట్టేశారు. పాపం, వాళ్ళు ప్రియులర్రా! ప్రియురాలికి కానుక అందిస్తున్నారు. మరి ఆ పిల్లేదీ? ఒకరి గుడ్డ చూసి ఒకరు గొర్రెదాటుగా కుట్టుకుంటూ పోతే, ఆమె కొమ్మలూ ఆకులూ తొడిగి చివరికి పూలమొక్కైపోయింది. అబ్బాయి మాత్రం పాతకాలపు మర్యాద తప్పకుండా మొక్కకే కానుక చాస్తున్నాడు.

నవ్వుతావేమే? నీ పెళ్ళిచీర అంచు మీద హంసలెందుకున్నాయో చెప్పు చూద్దాం!