చాచా ఓడిన ఊరు

2016 మే 19న పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ సదర్ నియోజకవర్గంలో ఓట్ల లెక్కింపు ముగిసేసరికి జ్ఞాన్ సింగ్ సోహన్‌పాల్ 6,309 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అప్పటికి ఆయన వయసు 91. పదిసార్లు ఎమ్మెల్యే. 1982 నుంచి వరసగా ఏడు ఎన్నికల్లో ఆయనకు ఓటమి లేదు. గెలిచిన బీజేపీ అభ్యర్థి దిలీప్ ఘోష్‌కు అవే మొదటి ఎన్నికలు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ సోహన్‌పాల్ అంటే ‘చాచా’. తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ ఆ మాటే.

పదిసార్లు గెలవడం ఎంత గొప్పో తెలియాలంటే ఆ ఊరి సంగతి తెలియాలి. ఖరగ్‌పూర్‌ను పట్టణం చేసింది రైలు. బెంగాల్ నాగపూర్ రైల్వే, మనవాళ్ళ నోట ‘బీఎన్నార్’, అక్కడ జంక్షన్ కట్టి వర్క్‌షాపు పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి మనవాళ్ళు పనికోసం రైలెక్కి వెళ్ళారు. ఫిట్టర్లుగా, ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్లుగా చేరి క్వార్టర్లలో సంసారాలు పెట్టారు. బిహారు నుంచి, ఒడిశా నుంచి, పంజాబు నుంచి ఇంకొందరు వచ్చారు. బెంగాలీలు ఎలాగూ ఉన్నారు. గోల్‌బజార్లో నిలబడితే అరగంటలో అయిదారు భాషలు చెవినపడే ఊరది. 1920ల చివర అక్కడి రైల్వే కార్మికులు సమ్మెకు దిగితే ముందు నిలిచినవాడు బరంపురంలో పుట్టిన తెలుగువాడు వి.వి.గిరి. తర్వాత ఆయనే రాష్ట్రపతి అయ్యారు.

ఇలాంటి చోట కులం చూపించి గెలవడం కుదరదు. సొంత భాషవాళ్ళ ఓట్లతోనూ కుదరదు. తలపాగా, తెల్లగడ్డం ఉన్న సిక్కు పెద్దమనిషికి సొంతవాళ్ళ ఓట్లు ఎన్ని ఉంటాయి? ఆయనకు పడినవాటిలో చాలా మటుకు వేరే భాషలవాళ్ళవే. బెంగాలీ, తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్ళు పోలింగ్ బూతు లోపల ఒకే పేరు దగ్గర కలుసుకునేవారు. మన దేశంలో రాజకీయ నాయకుడికి ఇంతకంటే పెద్ద గౌరవం ఉంటుందని నేను అనుకోను.

చాచా పెళ్ళి చేసుకోలేదు. కాంగ్రెస్ వదిలి పార్టీ మారలేదు. ముఖ్యమంత్రి సిద్ధార్థ శంకర్ రే ప్రభుత్వంలో మంత్రిగా రవాణా శాఖ చూశారు. 1977లో కాంగ్రెస్ మీద దేశమంతా వీచిన ఎదురుగాలిలో ఆయన సీటూ పోయింది. 1982లో దాన్ని తిరిగి గెలుచుకున్నారు. అప్పటికి రాష్ట్రం వామపక్షాల చేతిలో ఉంది, మరో మూడు దశాబ్దాల దాకా వాళ్ళ చేతిలోనే ఉండిపోయింది. ఆ కాలమంతా ఆయన ప్రతిపక్షం బెంచీలోనే కూర్చున్నారు. చేతిలో అధికారం లేదు, పంచిపెట్టడానికి పదవుల్లేవు. అయినా ఓటర్లు ఆయన్నే పంపించారు. 1998లో మమతా బెనర్జీ తృణమూల్ కాంగ్రెస్ పెట్టినప్పుడు బెంగాల్ కాంగ్రెస్‌లో సగం ఇల్లు ఖాళీ అయింది. చాచా కదల్లేదు.

2011లో వామపక్షాల 34 ఏళ్ళ పాలన కూలింది. కొత్త శాసనసభ కొలువుదీరినప్పుడు ప్రొటెం స్పీకరుగా కొత్త ఎమ్మెల్యేల చేత ప్రమాణం చేయించింది చాచాయే. ఆయన జీవితంలో అది పతాక ఘట్టం. అక్కడితో ఆగి ఉంటే ఈ వ్యాసం వేరేలా ఉండేది.

ఆ 2011లో కాంగ్రెస్‌కు తోడు తృణమూల్, ఎదుట సీపీఎం. అయిదేళ్ళు తిరిగేసరికి తోడు వామపక్షాలు, ఎదుట తృణమూల్. జీవితమంతా ఎవరిమీద పోరాడి గెలిచారో వాళ్ళే ఇప్పుడు ఆయనకు ఓటెయ్యమని గడపగడపకూ తిరగాలి. పొత్తులు కలకత్తాలో, ఢిల్లీలో కుదిరాయి. ఆ భారం 91 ఏళ్ళ మనిషి భుజాన పడింది.

ఊరూ మారిపోయింది. వర్క్‌షాపులో చేరిన తాత చాచాను ఎరుగును, తండ్రీ ఎరుగును. మనవడికి ఆయన పోస్టరు మీద బొమ్మ. రైల్వేలో ఉద్యోగం తాతకు దొరికినంత సులువుగా మనవడికి దొరకడం లేదు. 2015 మున్సిపల్ ఎన్నికల్లో ఎవరికీ మెజారిటీ రాలేదు; తర్వాత కౌన్సిలర్లు జెండాలు మార్చారు, బోర్డు తృణమూల్‌దయింది. 2016 మార్చిలో ప్రధాని మోదీ స్వయంగా ఖరగ్‌పూర్ వచ్చి సభ పెట్టారు. బరిలో ఉన్న ఘోష్ బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు మరి. రాష్ట్రం మొత్తంమీద ఆ పార్టీకి వచ్చినవి మూడే సీట్లు. వాటిలో ఒకటి చాచాది. పదిసార్లు మనిషిని చూసి ఓటేసిన ఊరు ఈసారి జెండాను చూసి వేసింది.

ఆ మరుసటి ఏడాదే ఫ్రాన్సులో మరో సీనియర్ నాయకుడు నేలకూలాడు. అయిదేళ్ళు ప్రధానిగా చేసిన ఫ్రాంస్వా ఫియోఁ అధ్యక్ష ఎన్నికల్లో గెలుపు గుర్రంలా కనిపించాడు. ఇంతలో భార్యకు చెయ్యని పనికి ప్రజాధనంతో జీతం ఇప్పించాడన్న ఆరోపణ బయటపడింది. తొలి రౌండులోనే మూడోస్థానానికి జారిపోయాడు. అలాంటి పతనానికి కారణం వెతకనక్కర్లేదు. చాచా కథలో ఆ ఊరట కూడా లేదు. ఏ కుంభకోణమూ ఆయన్ని దించలేదు.

అయితే తప్పు ఎవరిది? ఓటర్లదని నేను అనను. ఓటు రుణం తీర్చుకునే సాధనం కాదు, కాకూడదు. తప్పు పార్టీది. ముప్పై నాలుగేళ్ళు ఒకే పేరు మీద బతికింది, ఆ పేరు తర్వాత ఎవరన్న ప్రశ్న వేసుకోలేదు. తొంభై దాటిన మనిషిని మండుటెండలో ప్రచారానికి దింపి, గెలిపించి రమ్మంది. చాచా తప్పూ కొంత ఉంది. ఆయనంత కాలం సేవచేసినవాడు తన వెనక ఇద్దరు ముగ్గురినైనా తయారుచేసి ఉండాల్సింది. తెలుగు వాడల్లోంచి ఒక కుర్రాణ్ణో, అమ్మాయినో చెయ్యిపట్టి ముందుకు తెచ్చి ఉంటే ఆ 6,309 ఓట్లు ఎటు ఒరిగేవో.

ఓటమి తర్వాత ఆయనకు మిగిలింది ఏడాది పైచిలుకు. ఆ కొద్దికాలంలోనే, 2017 జనవరిలో, ఊళ్ళోని న్యూ సెటిల్‌మెంట్ ప్రాంతంలో ఒక పార్టీ ఆఫీసులో పట్టపగలు తుపాకులు పేలి మనుషులు చచ్చిపోయారు. రైల్వే పాత ఇనుము వేలాల చుట్టూ పెరిగిన ముఠాల పగలు ఖరగ్‌పూర్‌కు కొత్త కాదు. ఆ పగల మధ్యే, రాజకీయం అంటే మర్యాద కూడా అని చూపించిన మనిషి ఆయన. 2017 ఆగస్టు 8న కలకత్తాలో, 92 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

2019లో దిలీప్ ఘోష్ లోక్‌సభకు వెళ్ళడంతో ఖరగ్‌పూర్ సదర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. తృణమూల్ గెలిచింది. 2021లో మళ్ళీ బీజేపీ గెలిచింది. చాచా పదిసార్లు గెలిచిపెట్టిన సీటును ఆ రెండుసార్లూ కాంగ్రెస్ దక్కించుకోలేకపోయింది.