గింజ, మొలక, మొక్క: గంజాయిపై చట్టం చూపు — ఉప్పల్, నాచారం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భారతీయ చట్టంలో పూతతో కలిసి లేని గంజాయి గింజ మాదకద్రవ్యం కాదు. ఆ గింజ అంకురించి మొక్కయితే, దాన్ని పెంచడం మాత్రం పదేళ్ల వరకు కఠిన కారాగారశిక్ష పడదగిన నేరం. గింజకూ మొక్కకూ మధ్య ఈ గీత ఎప్పుడు, ఏ కారణంతో ఏర్పడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పొలాన్నీ పెరటినీ దృష్టిలో ఉంచుకొని రూపొందిన నియమాలు, పల్లెల నుంచి నగర భాగాలుగా మారిన ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాలకు ఎలా వర్తిస్తాయో చర్చిస్తుంది.

కీలకపదాలు: గంజాయి, విత్తనం, అంకురణ, ఆబ్కారీ, ఎన్.డి.పి.ఎస్. చట్టం, ఉప్పల్, నాచారం.

1. ఉపోద్ఘాతం

“గంజాయివనంలో తులసిమొక్క” అనే నానుడి తెలుగువారికి సుపరిచితం. చెడ్డవారి నడుమ మంచివారిని సూచించడానికి దీన్ని వాడుతారు. అయితే ఈ మాటలో మరో సంగతి కూడా ఇమిడి ఉంది. గంజాయి, తులసి ఒకే నేలలో పక్కపక్కన పెరగగలవని ఈ నానుడిని పుట్టించిన సమాజానికి తెలుసు. గంజాయి ఆ సమాజానికి కళ్లెదుట కనిపించిన మొక్కే.

నేడు ఉప్పల్, నాచారం అపార్టుమెంట్ల బాల్కనీలలో తులసి కుండీలు సర్వసాధారణం. వాటి పక్క కుండీలో గంజాయి గింజ మొలకెత్తితే అది నేరాంశమవుతుంది. కుండీ ఒకటే, మట్టి ఒకటే. తేడా చట్టం చూపులో ఉంది. ఆ చూపుకు దాదాపు 130 ఏళ్ల చరిత్ర ఉంది.

2. పెరటి మొక్క, ప్రభుత్వ పన్ను

బ్రిటిష్ పార్లమెంటులో 1893 మార్చిలో లేవనెత్తిన ప్రశ్న ఫలితంగా భారత ప్రభుత్వం ఆ ఏడాది జూలైలో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను నియమించింది. డబ్ల్యు. మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన ఏర్పడిన ఈ కమిషన్ 1,193 మంది సాక్షులను విచారించి, 1894లో నివేదికను సమర్పించింది. మితమైన వాడకం వల్ల చెప్పుకోదగిన హాని లేదనీ, సంపూర్ణ నిషేధం అవసరం లేదనీ తేల్చింది. దానికి బదులు తగినంత పన్ను, లైసెన్సు లేని సాగుపై నిషేధం, దుకాణాల సంఖ్యకు పరిమితి, వ్యక్తి దగ్గర ఉండదగిన పరిమాణానికి హద్దు అనే నాలుగు మార్గాలను సూచించింది.

ఈ సిఫార్సుల వెనుక ఉన్న ఆలోచన రెవిన్యూకు సంబంధించినది. గంజాయి సరుకుగా మారేది ఆడమొక్క పూత దశలోనే. బెంగాల్‌లోని నౌగావ్ ప్రాంతంలో మగమొక్కలను గుర్తించి పెరికివేయడానికి ‘పొద్దార్’ అనే నిపుణుడినే నియమించుకునేవారు. పూత రాకముందు మొక్క ఆడదో మగదో తేల్చడం కష్టం. కాబట్టి నాటి అధికారి కన్ను మొలకపై కాక పూతపైనా, గిడ్డంగిపైనా నిలిచింది. పెరటిలో పెరిగే మొక్క పన్ను ఎగవేతకు దారి అన్నంత వరకే ప్రభుత్వానికి సమస్య.

ఈ విధానానికి తెలుగునాట స్పష్టమైన ఉదాహరణ బాపట్ల ప్రాంతం. మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రభుత్వ పర్యవేక్షణలో గంజాయి సాగైన కొద్ది చోట్లలో సంతరావూరు, దగ్గుబాడు పరిసరాలు ముఖ్యమైనవి. అక్కడి రైతుకు గంజాయి ఒక పంట, ప్రభుత్వానికి అది ఆదాయం. గింజ చల్లడం దానంతటది తప్పు కాదు, అనుమతి లేకుండా చల్లడమే తప్పు.

3. నిజాం రాజ్యం నుంచి ఆంధ్రప్రదేశ్ దాకా

ఆ కాలంలో ఉప్పల్, నాచారం హైదరాబాదు నగరానికి తూర్పున ఉన్న పల్లెలు. అక్కడ మద్రాసు చట్టాలు చెల్లేవి కావు. నిజాం ప్రభుత్వం 1316 ఫసలీలో, అంటే 1906-07 ప్రాంతంలో, ఆబ్కారీ చట్టం చేసింది. 1333 ఫసలీలో (1923-24) మత్తుపదార్థాలపై ప్రత్యేక చట్టాన్ని తెచ్చింది. రాష్ట్రావతరణ తరువాత రెండు ప్రాంతాల ఆబ్కారీ సంప్రదాయాలు 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టంలో కలిశాయి. అప్పటికీ గంజాయి ప్రధానంగా ఎక్సైజ్ శాఖ వ్యవహారమే.

4. 1961, 1985: గీత మారిన తీరు

మాదకద్రవ్యాలపై 1961లో కుదిరిన అంతర్జాతీయ ఏక ఒడంబడిక గంజాయిని నిర్వచిస్తూ, కొమ్మల చివర్లలోని పూతను, కాయను మాత్రమే లెక్కలోకి తీసుకుంది. వాటితో కలిసి లేని గింజలను, ఆకులను మినహాయించింది. నార కోసం, గింజ కోసం చేసే సాగును కూడా వేరుగా చూసింది. వైద్యేతర వినియోగాన్ని నిలిపివేయడానికి 25 ఏళ్ల గడువు ఇచ్చింది.

ఆ గడువు ముగియకముందే, 1985 నవంబరు 14న, ఎన్.డి.పి.ఎస్. చట్టం అమలులోకి వచ్చింది. గింజల మినహాయింపును అది దాదాపు అదే మాటల్లో స్వీకరించింది. కానీ ‘గంజాయి’, ‘గంజాయి మొక్క’ అనే పదాలను వేర్వేరుగా నిర్వచించింది. గంజాయి అంటే పూత. గంజాయి మొక్క అంటే ఆ ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా. వయసు, లింగం, మత్తు గుణం అనే ప్రశ్నలు ఈ రెండో నిర్వచనంలో లేవు. పొద్దార్ పూత కోసం ఎదురుచూడవలసి వచ్చింది. కొత్త చట్టానికి ఆ అవసరం లేదు.

శిక్షల విషయంలో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది. 2001 సవరణ తరువాత గంజాయిని కలిగి ఉన్నవారి శిక్ష బరువును బట్టి మారుతుంది. ఒక కిలో వరకు స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. సాగుకు మాత్రం ఇలాంటి మెట్లు లేవు. పదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా అనే ఒకే నియమం ఎకరం తోటకూ, ఒక కుండీకీ వర్తిస్తుంది. శిక్ష తీవ్రతను నిర్ణయించే భారమంతా న్యాయమూర్తి విచక్షణపై పడింది.

5. పల్లె భాషలో రాసిన చట్టం

ఈ చట్టంలోని 46, 47 సెక్షన్లు అక్రమ సాగు గురించి తెలియజేసే బాధ్యతను భూమి కలిగినవారిపై, ప్రభుత్వోద్యోగులపై, సర్పంచులపై, గ్రామాధికారులపై ఉంచాయి. ఇది ఆబ్కారీ కాలపు పల్లె చిత్రం. ఆంధ్రప్రదేశ్‌లో పటేల్, పట్వారీ, కరణం, మునసబు వ్యవస్థ 1984 జనవరిలోనే రద్దయింది. గ్రామాధికారిని నమ్ముకున్న కేంద్ర చట్టం ఆ మరుసటి ఏడాది వచ్చింది.

ఉప్పల్, నాచారంలో నేల స్వభావం కూడా అప్పటికే మారుతూ వచ్చింది. ఎన్.టి. రామారావు నాచారంలో నెలకొల్పిన స్టూడియో పేరులో ‘హార్టికల్చరల్’ అనే మాట ఉండడం తోటల నాటి జ్ఞాపకాన్ని నిలుపుతుంది. చుట్టూ పారిశ్రామికవాడలు, కాలనీలు పెరిగాయి. 2007లో ఉప్పల్ గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనమైంది. 2017లో మెట్రో రైలు వచ్చింది. ఇక్కడ సర్పంచి లేడు. భూమి కలిగినవాడు అన్న మాట కన్నా ఇంటి యజమాని, అద్దెదారు అన్న మాటలే ఇక్కడి జీవితానికి దగ్గర. తెలిసి తన ఇంటిని నేరానికి వాడనిచ్చిన యజమానిని శిక్షించే 25వ సెక్షన్ ఇలాంటి చోట్ల కీలకమవుతుంది.

6. మొలకెత్తిందా, మొలకెత్తించారా?

2004లో ప్రచురితమైన ఒక ఉత్తరప్రదేశ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు ముఖ్యమైన భేదాన్ని గుర్తించింది. గంజాయి మొక్కలు సహజంగా మొలకెత్తి ఉండవచ్చనీ, నిందితుడే సాగు చేశాడని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలనీ పేర్కొంది. గింజ తనంతట తాను మొలవడం వేరు, మనిషి పూని మొలిపించడం వేరు. పొలం గట్టుకు ఈ వాదన సులభంగా అన్వయిస్తుంది. నాలుగో అంతస్తు బాల్కనీలోని కుండీకి అన్వయించడం కష్టం. అక్కడ మట్టి నింపినదీ నీరు పోసినదీ మనిషే. ఆ విధంగా నగర నివాసం సాక్ష్యం స్వభావాన్నే మార్చింది.

మరోవైపు గింజ ఆహారంగా గుర్తింపు పొందింది. భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2021 నవంబరులో హెంప్ గింజ, గింజనూనె, పిండిని ఆహారంగా అనుమతించింది. మత్తునిచ్చే టి.హెచ్.సి. గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10 మిల్లీగ్రాములు మించరాదని నిర్దేశించింది. ఆహార నియమం రసాయనాన్ని కొలుస్తుంది, నేర నియమం ప్రజాతిని చూస్తుంది. అందువల్ల వంటింట్లో చెల్లిన గింజ కుండీలో చెల్లదు.

7. ముగింపు

1894లో రాజ్యం పూతను చూసి పన్ను అడిగింది. 1985లో మొక్కను చూసి శిక్ష విధించింది. రెండు కాలాల్లోనూ గింజ మినహాయింపుగానే మిగిలింది. నార, నూనె, ఆహారం దాని మీద ఆధారపడి ఉండడమే అందుకు కారణం. అందుచేత గంజాయి చరిత్రలో అంకురణ కేవలం వృక్షశాస్త్ర ఘట్టం కాదు. సరుకు నేరంగా మారే గడప అది. ఆ గడప పెరటి నుంచి బాల్కనీకి జరిగినా, దాన్ని కాపలా కాసే నియమాల భాష మాత్రం పల్లెలోనే నిలిచిపోయింది. ఒక కుండీని, ఒక ఎకరాన్ని వేరు చేసి చూడగల కొలమానం చట్టంలో లేకపోవడం ఈ చరిత్ర మిగిల్చిన లోటు. ఉప్పల్, నాచారం వంటి ప్రాంతాలలో ఆ లోటు ప్రభావం నేరుగా ఒక కుటుంబంపై, ఒక యువకుడి భవిష్యత్తుపై పడుతుంది.