జల్వా క్యాసెట్ ఎవరు చూడాలి?

మా ఇంట్లో సందూక్ అడుగున నాలుగు వీడియో క్యాసెట్లున్నాయి. రెండు చిన్నవి, రెండు పెద్దవి. చిన్నవి అబ్బావి, బీటామ్యాక్స్. పెద్దవి ఫూఫీ షాదీవి, వీహెచ్‌ఎస్. పుత్తూరులో మా ఖాందాన్ తకరార్లలో సగం వీటి చుట్టూనే నడిచాయంటే ముబాలిగా ఏమీ కాదు.

1982లో ఢిల్లీ ఏషియాడ్‌తో దూరదర్శన్‌కు రంగులొచ్చాయి. ఆ రోజుల్లోనే మా జిల్లా నుంచి, పక్కన కడప నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు చుట్టీకి వస్తే అత్తరు సీసాలు, కంబళ్లతో పాటు వీసీఆర్ కూడా మోసుకొచ్చేవాళ్లు. దమ్మామ్‌లో పనిచేసిన అబ్బా తెచ్చింది బీటామ్యాక్స్. మాము మాత్రం రైలెక్కి మద్రాసు పోయి, బర్మా బజార్లో వీహెచ్‌ఎస్ కొన్నాడు. ఇక చూస్కోండి. "పిక్చర్ మాదే సాఫ్" అని అబ్బా. "సాఫే, కానీ ఏం వేసి చూస్తారు దూల్హేభాయ్?" అని మాము.

మాము మాటే నిజమైంది. సోనీ కంపెనీ బీటామ్యాక్స్‌ను 1975లో తెచ్చింది. మరుసటి ఏడు జేవీసీ వీహెచ్‌ఎస్‌ను దింపింది. లోపలి టేపు వెడల్పు రెండింటికీ అర అంగుళమే, అయినా ఒకదాని క్యాసెట్ ఇంకోదాంట్లో పట్టదు. మొదట్లో బీటా గంటసేపే రికార్డు చేసేది, వీహెచ్‌ఎస్ రెండు గంటలు. పైగా జేవీసీ తన తరీఖాను చాలా కంపెనీలకు పంచింది. తర్వాత బీటా టేపు నిడివి పెరిగినా అప్పటికే బజారు చేయి దాటింది. మా ఊళ్లో అద్దెకిచ్చే క్యాసెట్లన్నీ వీహెచ్‌ఎస్సే. అబ్బా మిషన్ మీద అమ్మీ కుట్టిన గుడ్డ కప్పి ఉండేది, అంతే. 1988లో సోనీవాళ్లే వీహెచ్‌ఎస్ వీసీఆర్‌లు చేయడం మొదలెట్టారు. ఆ సంగతి అబ్బాకు ఎవరూ చెప్పలేదు.

ఫూఫీ నిఖా కూడా ఆ ఏడే. తిరుపతి నుంచి వీడియో అతను వస్తాడనగానే దాదా అడ్డం తిరిగారు. వీడియో కూడా తస్వీరేనా, లేక అద్దంలో పడే అక్స్ లాంటిదా అని ఉలమాల్లో ఇప్పటికీ ఇఖ్తిలాఫ్ ఉంది. దాదాకు మాత్రం ఏ షక్ లేదు. చివరికి ఒక షర్తు మీద ఒప్పుకున్నారు: జనానాలోకి కెమెరా జల్వాకు మాత్రమే రావాలి, అసలు క్యాసెట్లు మాకే ఇవ్వాలి, కాపీ తీయకూడదు. తీరా వీహెచ్‌ఎస్‌లో తీశారు కాబట్టి మా షాదీ మా ఇంట్లో చూసుకునే భాగ్యం లేదు. ఆడవాళ్లంతా మాము ఇంటికి పోయి, తలుపేసుకుని చూసొచ్చారు.

తర్వాత వీసీడీలొచ్చాయి, డీవీడీలొచ్చాయి. మాము వీసీఆర్ పాత సామాన్లవాడికి పోయింది. వీసీఆర్‌లు చేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్‌లోని ఫునాయ్, 2016 జూలైలో ఆపేసింది. ఆ వార్త నేనే డెస్కులో చూశాను. ఇంటికొచ్చి చెప్పిన రాత్రే గొడవ మళ్లీ లేచింది.

"షాపులో ఇచ్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కిద్దాం, ఇప్పటికే బూజు పడుతోంది" అన్నాడు తమ్ముడు. అతని మాటలో తప్పులేదు. ప్లాస్టిక్ పట్టీ మీద జిగురుతో అంటించిన ఐరన్ ఆక్సైడ్ పొడే టేపంటే. తేమ తగిలితే జిగురు చెడుతుంది, బూజు పడుతుంది. కానీ ఎక్కించాలంటే టేపును మొత్తం నడపాలి. మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలు. అంతసేపు షాపులో ఎవడో ఒకడు మన జనానా చూస్తూ కూర్చోవాలి.

"మా అమ్మ ముఖం వాడెవడో చూడాలా?" అంది ఫూఫీ.

ఇక్కడే చిక్కు. దాదీ జిందగీలో ఫోటో దిగలేదు. ఓటరు కార్డులు రాకముందే, 1991లో ఇంతెఖాల్ అయింది. ఆమె ముఖం ఉన్నది ఆ జల్వా టేపులో ఒక్కచోటే. షాపుకిస్తే ఆమె పర్దా పోతుంది, ఇవ్వకుంటే ఆమే పోతుంది. నేను తమ్ముడివైపే మాట్లాడాను. కానీ ఒక సంగతి నాకు అప్పుడే తట్టింది: ఇన్నేళ్లూ ఆ క్యాసెట్‌కు పర్దా దాని మొండితనమే. మిషన్ లేనిదే తెరుచుకోదు. ఫైలుకు ఆ లిహాజ్ లేదు. ఒక్క వేలితో ఖాందాన్ గ్రూపులోకి, అక్కడి నుంచి ఎక్కడికైనా.

రెండేళ్లు ఎటూ తేలలేదు. చివరికి తమ్ముడు చెన్నై రిచీ స్ట్రీట్‌లో తిరిగి పాత వీసీఆర్ ఒకటి, కంప్యూటర్‌కు కలిపే చిన్న డబ్బా ఒకటి తెచ్చాడు. మా చెల్లెలు అది నేర్చుకుంది. ఫూఫీ, అమ్మీ, చెల్లెలు గదిలో, తలుపు మూసి. నేను వరండాలో. సగం టేపు గీతలేనట. ఉన్నట్టుండి లోపలినుంచి ముప్పై ఏళ్ల కిందటి గొంతు: "అరే, వో లైట్ బంద్ కరో!" వీడియో అతన్ని దాదీ కసురుతోంది. లోపల ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఫూఫీ ఏడుపు వినిపించింది.

దాదీ ఉన్న పదకొండు సెకన్లు మాత్రం కత్తిరించి నాకు చూపించారు. మిగతాది ఒకే పెన్‌డ్రైవ్‌లో ఫూఫీ అల్మారాలో తాళం కింద ఉంది. ఇంకో కాపీ తీయాలని తమ్ముడు, వద్దని ఫూఫీ, ఇప్పటికీ.

అబ్బాది వేరే గోల. చిన్న క్యాసెట్లలో సౌదీ టీవీ నుంచి రికార్డు చేసిన తరావీహ్ నమాజ్ ఉందంటారు. ఆయన బీటా మిషన్లో రబ్బరు బెల్టు కరిగి బంకైపోయింది. నేను చెన్నై పోయినప్పుడల్లా అడుగుతారు, "బెల్ట్ మిలా క్యా?" అని.