క్లాక్ టవర్ కింద ఒక పాత లెక్క

సికింద్రాబాద్‌లో ప్యాట్నీ వైపు నుంచి నడిచి వస్తున్నారు మీరు. సాయంత్రం వేళ, బస్సులు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. తల ఎత్తితే 1897 నాటి క్లాక్ టవర్. పార్కులోకి అడుగు పెట్టగానే రోడ్డు మోత కాస్త వెనకబడుతుంది. అక్కడే స్తూపం. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలు పోయినవాళ్ల కోసం కట్టింది.

ఇక్కడ నిలబడితే నా మనసు ఆ ఉద్యమం కన్నా వెనక్కి, అప్పటి హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు పోతుంది. మీరూ రండి, గ్యాలరీలో కూర్చుందాం. 1955 డిసెంబరు. విశాలాంధ్ర మీద, అంటే తెలంగాణను ఆంధ్రతో కలపడం మీద, సభ్యులు ఒక్కొక్కరే లేచి చెబుతున్నారు. మొత్తం 174 మందిలో నోరు విప్పింది 147 మంది. విలీనానికి సరేనన్నవాళ్లు 103, వద్దన్నవాళ్లు 29, ఎటూ తేల్చనివాళ్లు 15. పెద్ద మెజారిటీయే కదా అనిపిస్తుంది.

పెన్ను తీయండి. ఆ ఏడాది సెప్టెంబరు చివర రాష్ట్రాల పునర్విభజన మీద ఫజల్ అలీ కమిషన్ ఏమంది? తెలంగాణ ప్రస్తుతానికి విడిగానే ఉండాలి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక కొత్త సభలో మూడింట రెండు వంతుల మంది కోరితేనే కలపాలి. మాట్లాడినవాళ్లలో చూస్తే 103 ఆ గీత దాటుతుంది. సభ మొత్తం మీదైతే 116 కావాలి, 13 తక్కువ. పైగా ఆ 103లో మరాఠీ, కన్నడ జిల్లాల సభ్యులున్నారు. వాళ్ల జిల్లాలు ఎలాగూ బొంబాయికి, మైసూరుకు పోతున్నాయి. తెలంగాణ సభ్యుల్లో అనుకూలం 59, వ్యతిరేకం 25.

ఆ 59 మందిలో విశాలాంధ్రను మనసారా కోరినవాళ్లున్నారు, ముఖ్యంగా కమ్యూనిస్టులు. వాళ్ల మాటను కొట్టిపారేయను. కానీ 1952లో జనం వాళ్లకు ఓటేసింది ఈ ఒక్క ప్రశ్న మీద కాదు. కమిషన్ కోరింది అదే: ఇంకో ఎన్నిక, కొంత గడువు, గట్టి మొగ్గు. సిఫార్సే కావచ్చు, వివేకమున్న సిఫార్సు. ఇలాంటి గీత వేరేచోటా ఉంది: 1979లో స్కాట్లాండ్‌లో సొంత శాసనసభ మీద ఓటేసినవాళ్లలో 51.6 శాతం అవునన్నారు. మొత్తం ఓటర్లలో 40 శాతం ఒప్పుకోవాలన్న షరతు తీరక అది ఆగిపోయింది. ఆ షరతు న్యాయమా అని వాదించవచ్చు, కానీ ఓటేసే ముందే అందరికీ తెలుసు. మనకు విలీనం జరిగిన 1956 నవంబరు 1 ఏ షరతూ తీరకుండానే వచ్చేసింది.

మళ్లీ ఈ వీధుల్లోకి రండి. 1971 మార్చి, లోక్‌సభ ఎన్నికలు. సికింద్రాబాద్ సీటు ప్రత్యేక రాష్ట్రం కోరిన తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థి ఎం.ఎం. హాషిమ్‌కు దక్కింది. తెలంగాణలోని 14 సీట్లలో 10 ఆ పార్టీవే. ఈ ప్రశ్న మీద జనాన్ని నేరుగా అడగడానికి అతి దగ్గరగా వచ్చిన ఓటు నా దృష్టిలో అదే. ఆ ఏడాదే పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అప్పుడు ఓటేసినవాళ్లు రాష్ట్రం కోసం 2014 జూన్ 2 దాకా ఆగాల్సి వచ్చింది.