పోయిన అంకెను రాబట్టు ఉపాయము

అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుప్రక్కల వీథులలో కంప్యూటరు విద్య నేర్పు శిక్షణాలయములు అనేకము కలవు. యూనిక్సు సర్వరుల నిర్వహణ అభ్యసించువారికి ‘రెయిడ్’ అను మాట తప్పక తటస్థపడును. దాని పుట్టుక యెట్టిదో విచారింతము.

ఒకప్పుడు పెద్ద కంప్యూటర్లలోని సమాచారమంతయు మిక్కిలి ఖరీదైన పెద్ద డిస్కులలో నుండెడిది. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకు చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను మువ్వురు, వానికి బదులు చిన్న డిస్కులను పెక్కింటిని జతపరచిన చవుకయని వ్రాసిరి. కాని ఒక చిక్కు కలదు. ఒక్కొక్క డిస్కు సగటున 30,000 గంటలు పనిచేసినను, నూరు డిస్కులలో ఏదో ఒకటి సగటున 300 గంటలకే, అనగా రెండు వారములలోపే, చెడును.

దీనికి వారు సూచించిన ఐదు పద్ధతులలో ముఖ్యమైనది మన పద్దుల లెక్కవంటిది. ఒక డిస్కులో 3, వేరొకదానిలో 5 ఉన్నచో, మూడవదానిలో మొత్తము 8 వ్రాసియుంచవలెను. 5 పోయినను, 8 నుండి 3 తీసివేసి దానిని రాబట్టవచ్చును. యంత్రము ఈ పనినే సరి-బేసి లెక్కతో చేయును.

అయితే 3, 5 రెండును పోయినచో 8 మాత్రము ఏమి చెప్పగలదు? మనమే పొరపాటున ఒక పత్రమును చెరిపివేసినచో, ఆ మొత్తమును వెంటనే మారిపోవును. కనుక విలువైనదానికి ప్రతి తీసి వేరొకచోట దాచుట నేటికిని విధియే. తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించిన మన పూర్వులకు ఈ సంగతి తెలియనిది కాదు.