చీటీకి గుచ్చిన గుడ్డముక్క

లండన్ వెళ్ళొచ్చినవాళ్ళని "ఏం చూశారు?" అని అడగండి. కోహినూరు చూశామంటారు. బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి శిల్పాలు చూశామంటారు. అక్కణ్ణుంచి కాస్త దూరం నడిస్తే బ్రన్స్‌విక్ స్క్వేర్‌లో ఫౌండ్లింగ్ మ్యూజియం ఉంది. దాన్ని చూశామనేవాళ్ళు అరుదు. 2004లో తెరిచిన చిన్న మ్యూజియం అది. జనం తొక్కిడి ఉండదు. ఒక అద్దాల పెట్టెలో అరిగిన నాణేలు, ఉంగరాలు, బొత్తాములు, ఒక ఎండుకాయ డొల్ల కనిపిస్తాయి. బిడ్డల్ని వదులుకున్న తల్లులు ఆనవాలుగా ఇచ్చి వెళ్ళిన వస్తువులవి.

పద్దెనిమిదో శతాబ్దపు లండన్‌లో పేదరాళ్ళు, పెళ్ళికాని పనిపిల్లలు పెంచే దారిలేక పసికందుల్ని వీధుల్లో వదిలేసేవారు. అది చూడలేక థామస్ కోరమ్ అనే ఓడ కెప్టెన్ 17 ఏళ్ళు పెద్దమనుషుల గుమ్మాలెక్కి దిగి, 1739లో రాజుగారి అనుమతి సంపాదించాడు. 1741లో ఫౌండ్లింగ్ హాస్పిటల్ మొదలైంది. పేరుకి హాస్పిటలే గాని, నిజానికి అది శిశుశరణాలయం. చిత్రకారుడు హోగార్త్ బొమ్మలిచ్చాడు. సంగీతకారుడు హాండెల్ కచేరీలు చేసి డబ్బు పోగుచేశాడు.

తల్లులు ఎక్కువ, చోటు తక్కువ. అందుకని సంచిలో రంగు బంతులు వేసి తల్లుల చేత తీయించేవారు. తెల్లది వస్తే, రోగం లేదని చూసి బిడ్డని తీసుకునేవారు. ఎర్రదైతే వేచి ఉండాలి. నల్లదైతే బిడ్డనెత్తుకుని వెనక్కి పోవాల్సిందే. బిడ్డని వదలగలిగిన తల్లే అదృష్టవంతురాలన్నమాట! ఆ సంచిలో చెయ్యి పెట్టేటప్పుడు ఆమె ఏ రంగుకి మొక్కుకుందో ఊహించుకోండి.

చేరిన బిడ్డకి కొత్త పేరు పెట్టేవారు. మరి రేపు తల్లి తిరిగొస్తే ఏమని అడుగుతుంది? అందుకే వివరాలు చీటీమీద రాసి, ఆనవాలు కలిపి దాచేవారు. చాలాసార్లు బిడ్డ బట్టల్లోంచే చిన్న ముక్క కత్తిరించి చీటీకి గుచ్చేవారు. అలాంటి గుడ్డముక్కలు దాదాపు 5,000 మిగిలాయి. రాణుల పట్టుబట్టలు ఎవరైనా దాస్తారు. ఆనాటి పేదింటి ఆడవాళ్ళు ఏం తొడుక్కునేవారో ఇవాళ మనకి చూపిస్తున్నవి ఈ ముక్కలే. అవి లండన్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 2010లో కొన్నిటిని ఈ మ్యూజియంలో ప్రదర్శించారు.

1741 నుంచి 1760 దాకా చేరిన పిల్లలు 16,282 మంది. మళ్ళీ కన్నవాళ్ళ దగ్గరికి చేరింది 152 మంది!

1767 ఫిబ్రవరిలో సారా బెండర్ అనే తల్లి కొడుకుని అప్పగించింది. అతుకులు వేసి కుట్టిన గుడ్డ, దానిమీద దారంతో కుట్టిన హృదయం. దాన్ని సగానికి కత్తిరించిన ముక్క బిడ్డ ఆనవాలు. చార్లెస్ అన్న వాడి పేరు తీసేసి బెంజమిన్ అని పెట్టారు. 1775 జూన్‌లో సారా తిరిగొచ్చింది. ఎనిమిదేళ్ళు దాటిన కొడుకుని వెంటబెట్టుకుని వెళ్ళింది.

మిగతా తల్లులు ఎందుకు రాలేదో ఏ చీటీలోనూ లేదు. పిల్లల తొలి చొక్కా బీరువా అడుగున దాచుకునే మనకి, వాళ్ళు మరిచిపోయి ఉంటారని మాత్రం అనిపించదు.

మీవాళ్ళెవరైనా లండన్ వెళుతుంటే కోహినూరు చూడొద్దనకండి. ఒక్క పూట ఈ చిన్న మ్యూజియానికి అట్టేపెట్టుకోమనండి.