బోల్డ్ చేస్తే హెడ్డింగ్ అయిపోతదా?

ఈ ఎపిసోడ్ నా తప్పుతోనే మొదలుపెడతా. బీటెక్ చదివేటప్పుడు కోరుట్లలో ఒకరికి ఉద్యోగ నోటిఫికేషన్ల పేజీ చేసిచ్చిన. హెడ్డింగ్ అనుకున్న ప్రతి లైన్‌ను బోల్డ్ చేసి, సైజు పెంచిన. చూడ్డానికి మస్తుండె. కానీ చూపు లేని ఒక తమ్ముడు జగిత్యాల నుంచి ఫోన్ చేసి, "అన్నా, చివరి తేదీ దొరకాలంటే పేజీ మొత్తం వినాల్సొస్తుంది" అన్నడు. స్క్రీన్ రీడర్ హెడ్డింగ్ నుంచి హెడ్డింగ్‌కు దూకగలదు. నా పేజీలో దానికి ఒక్క హెడ్డింగ్ కూడా దొరకలే.

అసలు ఈ గందరగోళం ఎక్కడ మొదలైంది? 1991లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన మొదటి హెచ్‌టీఎంఎల్ ట్యాగుల లిస్టులోనే హెచ్1 నుంచి హెచ్6 దాకా ఉన్నయి. అంటే "ఇది పెద్దక్షరం" అని కాదు, "ఇది శీర్షిక" అని చెప్పడమే వాటి పని. 1995లో వచ్చిన హెచ్‌టీఎంఎల్ 2.0లో ఈఎం, స్ట్రాంగ్‌తో పాటు బి, ఐ కూడా ఉన్నయి. తర్వాత అందరికీ అందం మీద మోజు పెరిగింది. 1997 జనవరిలో హెచ్‌టీఎంఎల్ 3.2 ఫాంట్ ట్యాగ్‌ను ఒప్పుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో 4.0 వచ్చి "ఇక వాడకండి, అందం సంగతి సీఎస్ఎస్ చూసుకుంటది" అన్నది.

ఆ ఫాంట్ ట్యాగ్ దెబ్బ మన తెలుగుకు బాగా తగిలింది. అప్పట్లో ఈనాడు లాంటి సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. తెర మీద తెలుగు అక్షరమే, లోపల మాత్రం ఇంగ్లిష్ కోడ్. ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలే. సెర్చ్‌కు ఆ తెలుగు దొరకదు. యూనికోడ్ వాడకం పెరిగాకే "అ" అంటే కంప్యూటర్‌కు కూడా "అ" అయింది. నేను చేసిన తప్పూ ఇదే జాతిది: రూపం ఉంది, అర్థం లేదు.

ఉదాహరణకు, సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సినారె మీద పేజీ చేస్తున్నరనుకోండి. ఆయన పేరు హెచ్1. "బాల్యం", "రచనలు" హెచ్2. 1988 జ్ఞానపీఠ్‌కు కారణమైన "విశ్వంభర" పుస్తకం పేరు, కాబట్టి సైట్ ట్యాగ్. హెచ్చరికకు స్ట్రాంగ్. మాట ఒత్తి పలకాలంటే ఈఎం.

ఇంకో ముచ్చట. తెలుగులో ఒత్తి చెప్పడానికి "రేపు"ను "రేపే" అంటే చాలు, మాటలోనే ఒత్తు వచ్చేస్తది. పైగా మన లిపికి ఇంగ్లిష్ లెక్క ఇటాలిక్ సంప్రదాయం లేదు. బ్రౌజర్ గుండ్రటి అక్షరాన్ని పక్కకు వంచుతది, అంతే. ఈఎం వాడితే అర్థం అట్లనే ఉంటది, వంపు వద్దనుకుంటే సీఎస్ఎస్‌లో రంగు పెట్టుకోవచ్చు.

ఆ పేజీని మళ్లీ రాసిన. హెడ్డింగ్స్ మీద దూకుతూ తమ్ముడికి చివరి తేదీ వెంటనే దొరికింది. మీరూ ఒకసారి ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, మీ పేజీని కళ్లు మూసుకుని వినండి. ఆఫ్ ఎట్ల చేయాలో మాత్రం ముందే చూసుకోండి! మళ్లీ కలుద్దాం.